మొదలుపెట్టించేది ఒకటి, నిలబెట్టేది మరొకటి

రోజూ కాస్త నడవమని చెప్పని డాక్టరు లేడు, నడవాలని తెలియని పేషెంటూ లేడు. షుగరు రిపోర్టు చేతికొచ్చిన రోజు కొత్త బూట్లు కొంటాం. జనవరి ఒకటిన జిమ్ముకు ఏడాది డబ్బు ఒక్కసారే కట్టేస్తాం. పుట్టినరోజు నాడు రేపట్నుంచి ఐదింటికే లేస్తానని ఇంట్లో అందరికీ చెబుతాం. నెలా రెండు నెలలు గడిచేసరికి బూట్లు మంచం కిందికి వెళ్తాయి, అలారం మోగుతూ ఉంటే చెయ్యి దానంతటదే వెళ్లి ఆపేస్తుంది. తెలియక మానేసినవాళ్లు తక్కువ, తెలిసీ మానేసినవాళ్లే ఎక్కువ. ఈ ఉత్సాహం ఎందుకు తరిగిపోతుంది, తరిగినదాన్ని మళ్లీ ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి అన్న ప్రశ్న మీద మనస్తత్వ శాస్త్రం, వైద్యం, ఆర్థిక శాస్త్రం మూడూ కొన్ని దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. వాటిలో తేలినదెంత, తేలనిదెంత, మన ఊళ్లకు పనికొచ్చేదెంత అని చూడటం ఈ సమీక్ష ఉద్దేశం.

ఆ పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. మనిషిని వ్యాయామంలోకి దింపే కారణం వేరు, అతన్ని అందులో ఉంచే కారణం వేరు. ఆగిపోయినవాణ్ని వెనక్కి తెచ్చేది మూడోది. సంబంధం కుదిర్చిన పెళ్లిళ్ల పేరయ్య వచ్చి కాపురం చేయించలేడు. మనం మాత్రం మొదటి రోజు పనిచేసిన కారణమే మూడో నెలలోనూ పనిచేయాలని పట్టుబడతాం. అది చెయ్యకపోతే లోపం మనలోనే ఉందని తీర్మానించుకుంటాం.

కదలిక జీవితంలోంచి ఎలా జారిపోయింది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ గానీ చెయ్యాలి. దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని ఉండాలి. ఈ కనీస కొలతను అందుకోనివాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కగట్టిన అధ్యయనం 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. 2022 నాటికి ప్రపంచంలో 31 శాతం పెద్దలు ఆ గీతకు కిందే ఉన్నారు. మన దేశంలో అయితే దాదాపు సగం మంది. 2000లో ఇక్కడ ఆ సంఖ్య 22 శాతమే. ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం అన్నది అందులోనే ఉన్న మరో లెక్క.

ఇరవై రెండేళ్లలో జాతి మొత్తానికి బద్ధకం రెట్టింపు అయిందనుకోవడం కుదరదు. మారింది పని. నాట్లు వేసి, కలుపు తీసి, బావిలో నీళ్లు తోడి, బడికి మైళ్లు నడిచిన తరం వ్యాయామం చేయలేదు, బతికింది అంతే. పొలంలోకి యంత్రం వచ్చింది, గుమ్మం ముందుకు మోటారు సైకిలు వచ్చింది, కూరగాయలు కూడా ఫోను నొక్కితే ఇంటికొస్తున్నాయి. ఒక్కొక్కటీ సుఖమే. అన్నీ కలిసేసరికి శరీరానికి పని లేకుండా పోయింది. కదలిక బతుకులో భాగంగా ఉన్నంతకాలం దానికి ఉత్సాహం అక్కర్లేదు. విడిగా టైము కేటాయించి చెయ్యవలసిన పని అయ్యాకే ఉత్సాహం అనే సమస్య పుట్టింది. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ఫలితాలు 2014లో వచ్చినప్పుడు, తీరిక వేళలో సరదాకో ఆరోగ్యానికో ఒళ్లు కదిలించేవాళ్లు పది శాతం కూడా లేరని తేలింది.

పని చేసే శరీరానికీ కూర్చున్న శరీరానికీ తేడాను మొట్టమొదట గట్టిగా చూపించినది లండన్ బస్సులు. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఆ నగరపు డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించారు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువ, సీట్లో కూర్చునే డ్రైవర్లకు ఎక్కువ అని గమనించారు. ఆ కండక్టర్లకు ఎవరూ ఉత్సాహం నూరిపోయలేదు. టిక్కెట్లు కొట్టాలి కాబట్టి మెట్లెక్కారు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిణామ జీవశాస్త్రం చెప్పే డానియల్ లీబర్‌మన్ వాదన కూడా ఇటే వస్తుంది. మనిషి శరీరం అవసరమైతేనో, ఆనందం ఉంటేనో కదిలేలా తయారైంది. ఆ రెండూ లేనప్పుడు బలాన్ని దాచుకోమని చెప్పడమే దాని స్వభావం. అందుకని పరుపు మీంచి లేవబుద్ధి కాకపోవడం శీల లోపమేమీ కాదు. కొత్త ఉత్సాహం వెతుక్కోవడమంటే ఆ రెండింట్లో ఒకదాన్ని, అవసరాన్నో ఆనందాన్నో, మన దినచర్యలోకి మళ్లీ తెచ్చుకోవడమే.

భయం ఎంత దూరం తీసుకెళ్తుంది

మన దగ్గర ఎక్కువమందిని మొదలుపెట్టించేది భయం. మేనమామకు గుండెపోటు వచ్చిందని తెలిసిన వారం పార్కులో కొత్త ముఖాలు కనిపిస్తాయి. భయంలో బలం ఉంది, కానీ దాని ఆయుష్షు తక్కువ. రోజూ భయపడుతూ ఎవరూ బతకలేరు. మందులతో షుగరు అదుపులోకి రాగానే భయం తగ్గుతుంది, దాంతోపాటే నడకా తగ్గుతుంది. పైగా నడిచినందుకు వచ్చే లాభం ఎప్పుడో ఇరవై ఏళ్ల తరవాత రాకుండా పోయే జబ్బు రూపంలో ఉంటుంది. రాని జబ్బును చూసి సంతోషించడం ఎవరికైనా కష్టం.

బరువు తగ్గాలన్న కోరికదీ ఇదే కథ. తిండి మారకుండా నడక ఒక్కటే పెద్దగా బరువు తగ్గించదు. ఆ సంగతి తెలియనివాళ్లు నెలరోజులు నడిచి, తూకం ఎక్కి, ముల్లు కదలకపోతే అక్కడే మానేస్తారు. ఈలోగా నిద్ర బాగుపడి ఉండవచ్చు, మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గి ఉండవచ్చు, రక్తపోటు దిగి ఉండవచ్చు. తూకం యంత్రం వాటిలో ఒక్కటీ చూపించదు. మిచిగన్ విశ్వవిద్యాలయంలో మిషెల్ సీగర్ నడివయసు ఉద్యోగినుల మీద చేసిన పరిశోధనలో, ఎప్పటి ఆరోగ్యం కోసమో వ్యాయామం చేసేవాళ్ల కంటే ఈ రోజు హాయిగా ఉండటం కోసం చేసేవాళ్లే ఎక్కువగా చేస్తున్నట్టు కనిపించింది. ‘ఎక్కువ కాలం బతుకుతావు’ అనే మాట నిజమే అయినా, సాయంత్రానికి చిరాకు తగ్గుతుందన్న మాటే మనిషిని గుమ్మం దాటిస్తుంది.

మంచిరోజు చూసి మొదలుపెట్టే అలవాటును తీసిపారేయనక్కర్లేదు. హెంగ్‌చెన్ డాయ్, కేటీ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధన, వారం మొదట్లో, నెల మొదట్లో, ఏడాది మొదట్లో, పుట్టినరోజు దాటాక జనం జిమ్ముకు ఎక్కువగా వెళ్తారని చూపింది. పాత లెక్క మూసేసి కొత్త పద్దు తెరిచామన్న భావన ఊపునిస్తుంది. అయితే ఆ ఊపులో చేసే వాగ్దానాలను నమ్మి డబ్బు కట్టడం ప్రమాదం. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు 2006లో అమెరికా జిమ్ముల లెక్కలు తీశారు. నెలకు 70 డాలర్లకు పైగా కడుతున్న సభ్యులు సగటున నెలకు నాలుగుసార్లు మాత్రమే వచ్చారు. అంటే వచ్చిన ఒక్కోసారికీ 17 డాలర్ల పైచిలుకు పడింది. పది డాలర్లకు దొరికే విడి టిక్కెట్టు కొనుక్కుని ఉంటే వాళ్లకే లాభం. వాళ్లు డబ్బు కట్టింది తాము కాబోయే మనిషిని ఊహించుకుని. ఆ మనిషి జిమ్ముకు రాలేదు.

సంకల్పానికి వేళా చోటూ కావాలి

మొదలుపెట్టాలనుకున్నవాళ్లకు పరిశోధన ఇచ్చే సలహాల్లో అన్నింటికంటే చవకైనది ఒకటుంది. సారా మిల్న్, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులను మూడు గుంపులుగా చేశారు. మొదటి గుంపును ఊరికే వదిలేస్తే వారంలో ఒకసారైనా వ్యాయామం చేసినవాళ్లు 38 శాతం. రెండో గుంపు చేత గుండెజబ్బుల గురించి, వ్యాయామం వల్ల లాభాల గురించి చదివించారు. చేసినవాళ్లు 35 శాతం, అంటే చదివినందువల్ల ఒరిగిందేమీ లేదు. మూడో గుంపు అదే చదివి, ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ చేస్తామో కాగితం మీద రాసింది. వాళ్లలో 91 శాతం మంది చేశారు. అది ఒక్క వారం ముచ్చటే, పాల్గొన్నది కుర్రవాళ్లే అన్నది గుర్తుంచుకుంటూనే ఒప్పుకోవలసిన సంగతి, ‘నడవాలి’ అనుకోవడానికీ ‘పిల్లను బడి బస్సెక్కించి అటునుంచి అటే చెరువుగట్టు చుట్టి వస్తాను’ అనుకోవడానికీ మధ్య చాలా దూరం ఉంది.

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందనే మాట మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందితో ఈ సంగతి కొలిచింది. చిన్న పని ఒకటి ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, మరికొందరి విషయంలో అంచనా 254 రోజుల దాకా వెళ్లింది. మంచినీళ్లు తాగడం లాంటి అలవాట్ల కంటే వ్యాయామానికి ఎక్కువ రోజులు కావలసి వచ్చింది. మూడు వారాలకే ఇంకా కష్టంగా ఉందని మానేసేవాళ్లకు ఈ లెక్క ధైర్యమివ్వాలి. ఇంకా కష్టంగా ఉండటమే మామూలు.

డబ్బు, వాచీ, ఆట

బహుమతి ఇస్తే చేస్తారా? 1971లో ఎడ్వర్డ్ డెసీ చేసిన ప్రయోగంలో, పజిళ్లు విప్పినందుకు డబ్బు అందుకున్న విద్యార్థులు ఆ తరవాత తీరిక సమయంలో వాటిని ముట్టుకోవడం తగ్గించారు. సరదాగా చేసేదానికి కూలి ఇస్తే సరదా కాస్తా కూలిపని అవుతుందన్నమాట. ఆ తరవాత డెసీ, రిచర్డ్ రయాన్ కలిసి నిర్మించిన సిద్ధాంతం ప్రకారం ఉత్సాహం నిలవాలంటే మూడు కావాలి. తన ఇష్టం, తన సత్తా, తనవాళ్లు. ఎవరో తరిమితే కాకుండా తానే ఎంచుకున్నానన్న భావం ఉండాలి, చేస్తున్నకొద్దీ చేతనవుతోందన్న నమ్మకం కలగాలి, తోడుగా మనుషులు ఉండాలి. వ్యాయామంపై వచ్చిన పరిశోధనల్లో ఈ మూడూ పదే పదే కనిపిస్తాయి.

అలాగని డబ్బు అసలు పనిచేయదనీ చెప్పలేం. మితేష్ పటేల్ బృందం 2016లో 281 మంది ఉద్యోగులకు రోజుకు 7,000 అడుగులు లక్ష్యంగా పెట్టింది. నడిచిన రోజుకు డబ్బు ఇస్తే పెద్దగా ఫలితం లేదు. నెల మొదట్లోనే 42 డాలర్లు వాళ్ల ఖాతాలో చూపించి, నడవని రోజుకు 1.40 డాలర్లు కోస్తే మాత్రం లక్ష్యం చేరిన రోజులు 30 శాతం నుంచి 45 శాతానికి పెరిగాయి. వచ్చేదాని మీద ఆశ కంటే పోయేదాని మీద బాధ ఎక్కువ. కానీ డబ్బు ఆపేశాక ఆ తేడా మిగల్లేదు.

చేతి వాచీలు, ఫోను ఆటల సంగతీ ఇలాగే సగం సగం. 2016 జులైలో వచ్చిన పోకెమాన్ గో ఆట కోసం కుర్రకారు వీధుల్లో పడి తిరిగారు. అమెరికాలో ఆ ఆట ఆడిన యువతీ యువకుల అడుగులను లెక్కించినవాళ్లకు మొదటి వారం రోజుకు 955 అడుగులు పెరిగినట్టు కనిపించింది. ఆరో వారానికల్లా ఆ పెరుగుదల మాయమైంది. అదే ఏడాది జామా పత్రికలో వచ్చిన రెండేళ్ల ప్రయోగంలో, ఆహార నియమాలూ సలహాలూ అందరికీ ఒకటే అయినా, వాచీ లాంటి పరికరం తగిలించుకున్నవాళ్లు 3.5 కిలోలు తగ్గితే, అది లేనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు. మరోవైపు, అనేక సమీక్షలను కలిపి చూసిన 2022 నాటి లాన్సెట్ డిజిటల్ హెల్త్ వ్యాసం, ఇలాంటి పరికరాల వల్ల రోజుకు దాదాపు 1,800 అడుగులు పెరుగుతున్నాయని చెప్పింది. రెండూ అబద్ధం కావు. వాచీ నడిపించగలదు. బరువు తగ్గించే బాధ్యతంతా దాని మీద పెడితే నిరాశ తప్పదు.

ఆ వాచీ అడిగే పదివేల అడుగుల లెక్కకు మూలం వైద్యం కాదు, వ్యాపారం. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపు మీద మరుసటేడు జపాన్‌లో ఒక కంపెనీ అడుగుల లెక్కింపు యంత్రం తెచ్చి, దానికి పదివేల అడుగుల మీటరు అని అర్థం వచ్చే పేరు పెట్టింది. అంకె గుండ్రంగా ఉంది, జనానికి గుర్తుండిపోయింది. 2019లో ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్లున్న 16,741 మంది స్త్రీలను గమనిస్తే, రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్లలో కూడా మరణాలు స్పష్టంగా తగ్గాయి. 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. ఆరువేల అడుగులు నడిచి కూడా ఓడిపోయానని అనుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారో చూస్తే, ఒక వ్యాపార ప్రచారపు అంకె ఎంత ఉత్సాహాన్ని చంపిందో తెలుస్తుంది.

హాయిగా ఉన్నదే సాగుతుంది

కొనసాగడానికి ఏం కావాలన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబు ఆనందం. పాంటెలీమన్ ఎకెకాకిస్ లాంటి పరిశోధకులు ఏళ్ల తరబడి కొలిచింది వ్యాయామం చేస్తుండగా మనిషికి ఎలా అనిపిస్తోందన్నదే. ఓ మోస్తరు శ్రమలో చాలామందికి బాగానే ఉంటుంది. ఊపిరి అందక, మాట పెగలనంత తీవ్రతకు వెళ్లగానే దాదాపు అందరికీ అది బాధగా మారుతుంది. మొదటి వారంలోనే పరుగులు పెట్టించే శిక్షకుడు రెండో వారంలో శిష్యుణ్ని పోగొట్టుకునేది ఇక్కడే. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం చాలన్నది డాక్టర్లు చెప్పే సులువైన కొలత. బలం పెరిగాక వేగం దానంతటదే పెరుగుతుంది.

బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో 2011లో చేసిన పరిశోధన ఇంకో చిక్కు బయటపెట్టింది. చేశాక ఎంత బాగుంటుందో జనం ముందు సరిగా ఊహించలేరు. తక్కువ అంచనా వేస్తారు, ఎందుకంటే మొదటి ఐదు నిమిషాల కష్టమే కళ్ల ముందు ఉంటుంది. లేవబుద్ధి కానప్పుడు మన మనసు చెప్పే మాటను పూర్తిగా నమ్మకూడదన్నమాట. ఐదు నిమిషాలు నడిచాక కూడా బాగాలేకపోతే వెనక్కి రావచ్చని ఒప్పందం చేసుకుంటే చాలామంది వెనక్కి రారు.

ఇష్టమైనదాన్ని జత చేయడం మరో దారి. మిల్క్‌మన్ బృందం ఉత్కంఠభరితమైన ఆడియో నవలలను జిమ్ములో మాత్రమే వినే ఏర్పాటు చేసి చూసింది. మొదట్లో వాళ్లు జిమ్ముకు వెళ్లడం 51 శాతం పెరిగింది. మధ్యలో పండగ సెలవులు రాగానే ఆ ఫలితం కరిగిపోయింది. ఇళయరాజా పాటలో, కథల పాడ్‌కాస్టో, అమెరికాలో ఉన్న కూతురితో రోజూ ఫోను కబుర్లో, నడకకే కేటాయించి మరెక్కడా ముట్టుకోకుండా ఉండటం ఈ పద్ధతి కిందికే వస్తుంది. పండగలూ ప్రయాణాలూ దీన్ని చెడగొడతాయని ముందే తెలిస్తే, చెడినప్పుడు ఆశ్చర్యపోకుండా ఉండొచ్చు.

తోడు, మొహమాటం

పోటీదారు పక్కన ఉంటే సైకిలు తొక్కేవాడు వేగంగా తొక్కుతాడని నార్మన్ ట్రిప్లెట్ 1898లోనే రాశాడు. సినాన్ ఆరల్, క్రిస్టోస్ నికొలైడిస్ 2017లో పదకొండు లక్షల మంది పరుగు వివరాలు పరిశీలించి, స్నేహితుడు ఎక్కువ పరిగెత్తిన రోజున మనమూ కొంచెం ఎక్కువ పరిగెత్తుతామని చూపించారు. అందులో సరదా అయిన సంగతి, బాగా పరిగెత్తేవాళ్లను చూసి తక్కువవాళ్లు కదిలినదానికంటే, వెనక నుంచి వస్తున్నవాళ్లను చూసి ముందున్నవాళ్లు ఎక్కువగా కదిలారు.

పోటీ లేని తోడుకు మంచి ఉదాహరణ పార్క్‌రన్. 2004 అక్టోబర్ 2న లండన్ దగ్గరి బుషీ పార్కులో పాల్ సింటన్-హ్యూవిట్ మొదలుపెట్టినప్పుడు పరిగెత్తింది 13 మంది. వారం వారం శనివారం ఉదయం ఐదు కిలోమీటర్లు, రుసుము లేదు, నడిచినా ఎవరూ ఏమీ అనరు. అది ఇప్పుడు అనేక దేశాలకు పాకింది.

మన ఊళ్లలో ఈ పనిని చడీచప్పుడు లేకుండా చేస్తున్నవి వాకర్స్ అసోసియేషన్లు. కాలేజీ గ్రౌండులో, మునిసిపల్ పార్కులో రిటైరైన మాస్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, దుకాణదారులు కలిసి నాలుగు రౌండ్లు కొడతారు. ఆ తరవాత బెంచీ మీద రాజకీయాలు, ఎదురుగా బండి దగ్గర ఇడ్లీ. నడిచిందంతా నెయ్యి కారంపొడి దోసెతో చెల్లుకు చెల్లు అయిందని ఇంట్లో వెక్కిరించినా, ఆ బెంచీ లేకపోతే వాళ్లలో సగం మంది ఆ రౌండ్లు కొట్టరు. రెండు రోజులు కనిపించకపోతే ‘ఏం మాస్టారూ, ఒంట్లో బాగాలేదా’ అని ఫోను వస్తుంది. మన సమాజంలో మొహమాటం చాలా పనులు చెడగొడుతుంది. ఈ ఒక్కచోట అది మందులా పనిచేస్తుంది.

కొండకు నడిచేవాళ్లు

ఇంగ్లిషు పరిశోధన పత్రాల్లో పెద్దగా కనిపించని ప్రేరణ ఒకటి మన దగ్గర పుష్కలంగా ఉంది. అపార్టుమెంటులో రెండో అంతస్తుకు లిఫ్టు కోసం నిలబడే మనిషి, మొక్కుంటే అలిపిరి దారిలో 3,550 మెట్లెక్కి తిరుమల చేరతాడు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకు లక్షల మంది వస్తారు, చాలామంది వట్టి కాళ్లతో. అరుణాచలం వెళ్లే తెలుగువాళ్లు అక్కడి 14 కిలోమీటర్లు రాత్రిపూట చుట్టి వస్తారు. బతుకమ్మ తొమ్మిది రోజులూ తెలంగాణ వీధుల్లో ఆడవాళ్లు గంటల తరబడి వంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ తిరుగుతారు. దాన్ని ఎవరైనా వ్యాయామమంటే నవ్వుతారు కూడా. శరీరానికి శక్తి లేదన్న మాట ఇక్కడ నిలవదు. ఆ శక్తిని బయటికి లాగే అర్థం రోజువారీ నడకలో దొరకడం లేదు.

వీటిలో అన్నింటికంటే ఆలోచించదగ్గది అయ్యప్ప దీక్ష. నలభై ఒక్క రోజులు తెల్లవారకముందే చన్నీటి స్నానం, నేల మీద పడక, చెప్పులు లేని నడక, మద్యం మాంసం సిగరెట్టు అన్నీ బంద్. ఏళ్ల తరబడి మానలేనివాటిని మనిషి ఒక్క రోజులో మానేస్తాడు. మనస్తత్వవేత్తలు చెప్పేవన్నీ ఆ దీక్షలో ఉన్నాయి. ఖాయమైన వేళ ఉంది. మెడలో మాల, ఒంటిమీద నల్లబట్టలు ఉన్నాయి కాబట్టి ఊరంతా సాక్షి. దారి చూపే గురుస్వామి ఉన్నాడు, తోటి స్వాములు ఉన్నారు. అందరూ ‘స్వామీ’ అని పిలుస్తుంటే తాను వేరే మనిషినన్న భావం కలుగుతుంది. అయితే మాల తీసిన మర్నాడే చాలామంది పాత జీవితానికి వెళ్లిపోతారు. గడువుతో వచ్చిన ఉత్సాహం గడువుతోనే పోతుంది. దీక్ష మొదలుపెట్టించగలదు, నిలబెట్టడానికి అవధి లేని మరో ఏర్పాటు కావాలి. మాల తీశాక కూడా అదే గుంపు తెల్లవారుజామున కలిసి నడిస్తే ఎలా ఉంటుందో ప్రయత్నించి చూడవలసిన ఆలోచన.

దారి లేకుండా ఉత్సాహం ఏం చేస్తుంది

ప్రేరణ గురించిన పుస్తకాలు చాలావరకు మనిషి మనసులోనే వెతుకుతాయి. కాలు పెట్టడానికి చోటు ఉందా అని అడగవు. మన పట్టణాల్లో ఫుట్‌పాత్ మీద బజ్జీల బండి, ట్రాన్స్‌ఫార్మరు, ఆగి ఉన్న బైకులు. రోడ్డు మీద నడిస్తే వెనకనుంచి హారను. తెల్లవారుజామున కుక్కల గుంపు. మార్చి నుంచి జూన్ దాకా ఏడున్నరకే మాడ్చే ఎండ. అవరోధాలు ఇన్ని ఉన్నచోట నడవని మనిషికి సంకల్పబలం మీద ఉపన్యాసమివ్వడం అన్యాయం.

ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికే ఇస్తున్నారు. చేసే పురుషులు ఇచ్చేది 97 నిమిషాలు. పైగా అలా చేసే మగవాళ్లు నలుగురిలో ఒకరే. పొద్దున ఆరింటికి భర్త పార్కులో ఉన్నాడంటే ఇంట్లో పాలు కాచి, టిఫిను చేసి, పిల్లల క్యారియర్లు సర్దుతున్నది ఎవరు? ఇల్లాలికి కావలసిన కొత్త ప్రేరణ వారంలో మూడు రోజులు ఆ వంటగది బాధ్యత మరొకరు తీసుకోవడమే కావచ్చు. వెలుతురు, శుభ్రమైన మరుగుదొడ్డి, చుట్టూ మరో పదిమంది ఆడవాళ్లు ఉన్న పార్కు కూడా ప్రేరణే.

కొన్నిచోట్ల ప్రయత్నం జరుగుతోంది. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే వాహనాలు ఆపి నడిచేవాళ్లకు దారి వదులుతారు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకల పైకప్పు కింద 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023లో తెరుచుకుంది, అయితే అక్కడికి చేరడానికే చాలామందికి కారు కావాలి. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాలు వంద కిలోమీటర్లకు పైగా వీధులను కార్లకు మూసేసి జనానికి వదిలేస్తున్నారు. అక్కడ వీధి ఇంటి ముందే ఉంటుంది. దూరంలో ఉన్న అద్భుతం కంటే గుమ్మం బయట ఉన్న మామూలు దారే ఎక్కువమందిని నడిపిస్తుంది.

ఆగినచోటి నుంచి

ఇంతవరకు జరిగిన పెద్ద ప్రయోగాల్లో ఒకటి 2021లో నేచర్ పత్రికలో వచ్చింది. ఒక అమెరికన్ జిమ్ముల సంస్థలోని 61,293 మంది సభ్యుల మీద ముప్ఫై మంది శాస్త్రవేత్తలు 54 రకాల నాలుగు వారాల పథకాలు పరీక్షించారు. వాటిలో 45 శాతం పథకాలు జిమ్ముకు రావడాన్ని 9 నుంచి 27 శాతం దాకా పెంచాయి. అన్నిటికంటే బాగా పనిచేసినది, ఒకసారి తప్పిపోయినవాళ్లు తిరిగి వస్తే ఇచ్చే చిన్న బహుమతి. దాని విలువ తొమ్మిది సెంట్లు, మన పది రూపాయలైనా చెయ్యదు. ఏది గెలుస్తుందో ముందుగా చెప్పమంటే నిపుణులు కూడా చెప్పలేకపోయారు. నాలుగు వారాలు ముగిశాక ప్రభావం మిగిలిన పథకాలు 8 శాతమే.

తప్పిపోవడాన్ని అందరూ చేసే మామూలు పనిగా తీసుకుని, తిరిగి రావడాన్ని మెచ్చుకున్న ఏర్పాటే ముందు నిలిచింది. లాలీ అధ్యయనంలోనూ ఒక్క రోజు తప్పితే అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగ్గ నష్టం కలగలేదు. నష్టమంతా ‘ఎలాగూ తప్పింది కదా’ అనుకోవడంలో ఉంది. జ్వరం, పెళ్లిళ్ల సీజను, పరీక్షలు, వానలు, ఊరి ప్రయాణాలు ఏటా వస్తాయి. వాటి తరవాత ఏ రోజు, ఎంత తక్కువతో తిరిగి మొదలుపెట్టాలో ముందే అనుకుని ఉన్నవాళ్లకు వెనక్కి రావడం తేలిక.

ఆ తక్కువ ఎంత తక్కువైనా ఫరవాలేదని ఇటీవలి పరిశోధన అంటోంది. బ్రిటన్‌లో విడిగా వ్యాయామం చెయ్యని పాతిక వేల మందిని గమనించిన 2022 నాటి అధ్యయనంలో, రోజుకు మూడుసార్లు ఒకటి రెండు నిమిషాల చొప్పున గట్టిగా ఒళ్లు వంచినవాళ్లలో మరణాలు గణనీయంగా తక్కువగా కనిపించాయి. గబగబా మెట్లెక్కడం, బరువైన సంచులు మోయడం, బస్సు కోసం వడివడిగా నడవడం కూడా ఆ లెక్కలోకి వచ్చాయి. ఇవి గమనించి తేల్చినవే, ప్రయోగం చేసి రుజువు చేసినవి కావు. అయినా, ఆగిపోయినవాడికి గంట నడక అనే కొండను చూపించి భయపెట్టడం కంటే రెండు నిమిషాల మెట్టు చూపించడం మంచిది.

కారణాలు వయసుతోనూ మారతాయి. పంజాబ్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఫౌజా సింగ్, కొడుకు మరణం తెచ్చిన దుఃఖంలోంచి బయటపడటానికి ఎనభై దాటాక పరుగు పట్టాడు. ఆయన పాస్‌పోర్టు ప్రకారం పుట్టింది 1911లో, టొరంటోలో మారథాన్ పూర్తిచేసింది 2011లో. ఇరవై ఏళ్లప్పుడు అద్దంలో కనిపించే కండ కోసం, నలభైలో మనశ్శాంతి కోసం, అరవైలో స్నేహితుల కోసం, డెబ్భైలో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడటం కోసం ఒకే మనిషి కదలవచ్చు. పాత కారణం చచ్చిపోయినప్పుడు దాన్నే పట్టుకుని ఏడ్చేవాళ్లు ఆగిపోతారు.

తేలినది, తేలనిది

ఈ పరిశోధనలకు హద్దులున్నాయి. ఎక్కువ భాగం అమెరికా, ఐరోపా విద్యార్థుల మీద, ఉద్యోగుల మీద, జిమ్ము సభ్యుల మీద జరిగినవి. వారాల్లో ముగిసినవే ఎక్కువ, ఏళ్ల తరబడి వెంట నడిచినవి తక్కువ. రోజంతా నిలబడి పనిచేసే కూలీకి, కుట్టుమిషను ముందు కూర్చున్న మహిళకు, షిఫ్టుల్లో తిరిగే ఐటీ కుర్రాడికి ఒకే సలహా పనికిరాదు. వాళ్ల గురించి మన విశ్వవిద్యాలయాలు అడగవలసిన ప్రశ్నలు ఇంకా చాలా ఉన్నాయి.

ఉన్నంతలో తేలినది ఇది. సమాచారం, భయం, శుభముహూర్తం, డబ్బు, కొత్త యంత్రం మొదటి అడుగు వేయిస్తాయి. వేళ, చోటు, హాయి, తోడు ఆ అడుగును అలవాటు చేస్తాయి. తప్పును పట్టించుకోని మనసు, బాగా తగ్గించిన లక్ష్యం ఆగినవాణ్ని వెనక్కి తెస్తాయి. డాక్టరు చీటీ మీద ‘వాకింగ్’ అని రాసి ఊరుకోకుండా ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అని అడిగి, ఆ జవాబునే చీటీ మీద రాస్తే మందు పూర్తవుతుంది. ఇంట్లోవాళ్లు ‘మళ్లీ మానేశావా’ అనడం మాని, ఆ గంటసేపు ఇంటిపని పంచుకుంటే సగం పని అయినట్టే. మునిసిపాలిటీ మారథాన్‌కు బ్యానరు కట్టే డబ్బుతో ఒక వీధి ఫుట్‌పాత్ ఖాళీ చేయిస్తే అంతకంటే పెద్ద ప్రచారం ఉండదు. పాఠకులు చెయ్యవలసింది కూడా చిన్నదే. నడక మీద మనసు విరిగిన రోజున తమను తాము తిట్టుకోకుండా, తాము ఇంతకాలం ఎందుకు నడిచారో ఒకసారి అడిగి చూసుకోవాలి. ఆ కారణం తన పని ముగించి వెళ్లిపోయి ఉంటే, ఇప్పటి వయసుకూ ఇప్పటి ఇంటి పరిస్థితికీ తగిన మరో కారణాన్ని ఆ వారమే ఎంచుకోవాలి.